నిమిషానికి ఎన్ని

పురసవాక్కంలో ఒక మేడ మీద
ముప్ఫై ఆరేళ్లు టైపు నేర్పాను.
పదకొండు మెషీన్లు, గోడ గడియారం,
బల్ల అంచున కొట్టడానికి చెక్క స్కేలు.
చేరిన ప్రతివాళ్లకీ మొదటిరోజు ఒకటే మాట:
"వేగం దానంతటదే వస్తుంది,
ముందు సమంగా కొట్టు."

ఇవాళ కీల్పాక్కంలో డాక్టర్ ఇలక్కియ
గళ్ల కాగితం నా ముందు పరిచి
ఆ మాటనే తిరగేసి చెప్పింది:
"సమం సంగతి తర్వాత చూద్దామమ్మా,
ముందు వేగం తగ్గాలి."

ఎవరిదో అభ్యాసం దిద్దుతున్నట్టే చూశాను.
కొండ, కొండ, ఖాళీ, కొండ.
స్పేస్ బార్ మీద బొటనవేలు ఎవడిదో గాని
ఒకచోట మూడుసార్లు నొక్కాడు, ఒకచోట నొక్కనేలేదు.
ప్రతి కొండకు ముందూ ఉండాల్సిన చిన్న మిట్ట
ఎక్కడా లేదట.
దాని బదులు సన్నటి వణుకు,
మెట్రో సొరంగం తవ్వుతుంటే
మా ఇంట్లో గ్లాసులో నీళ్లు వణికినట్టు.
నిమిషానికి నూట నలభై ఆరు.
హయ్యర్ పరీక్షలో కూడా అంత అడగరు.

దారులు రెండంది.
గుండెను దాని వంకర నడకకే వదిలేసి
పరుగును మాత్రం పట్టి ఆపే మాత్ర, ఒకటి.
రెండోది నడకనే దిద్దడం.
మత్తిచ్చి ఒక కరెంటు దెబ్బ,
లేదంటే థైరాయిడ్‌నీ ఊపిరితిత్తుల్నీ కనిపెట్టుకుంటూ
మింగాల్సిన ఇంకో మాత్ర,
అదీ కుదరకపోతే తొడలోంచి తీగ పంపి
లోపల వాతలు పెట్టడం.
"దిద్దినా మళ్లీ తప్పొచ్చు" అంది.
దాచలేదు. అది నచ్చింది నాకు.

"ఏ దారైనా, రక్తం పలచన చేసే మాత్ర మానకూడదు.
పై గదిలో ఓ మూల రక్తం కదలక గడ్డకడుతుంది."
తెలుసమ్మా, అన్నాను.
ఇంగ్లీషు 'ఓ' పొట్టలో సిరా అలాగే గడ్డకట్టి
కాగితం మీద నల్లచుక్కై పడేది.
ప్రతి శనివారం గుండుసూదితో తవ్వేదాన్ని.

దైవశిఖామణి గుర్తొచ్చాడు.
లేత్ మెషీన్‌లో ఎడమ ఉంగరంవేలు పోగొట్టుకుని
కట్టు విప్పిన వారానికే వచ్చి చేరాడు.
'ఎస్' వచ్చినప్పుడల్లా మధ్యవేలు పక్కకు దూకాలి.
టక టక టక
టక్. టక టక.
మూడు నెలలు బల్ల పగిలేలా స్కేలు కొట్టాను.
పక్కనున్న పిల్లల వేళ్లు కూడా తడబడేవి.
ఒకరోజు స్కేలు సొరుగులో పెట్టేసి
"మెల్లగా కొట్టరా, చాలు" అన్నాను.
అది బోధన కాదు. విసుగు.
పరీక్షలో పది నిమిషాలు, మూడొందల మాటలు.
ఆ పేజీలో ఏ అక్షరం కుంటిందో
నాకే కనిపించలేదు.
కాగితానికి చప్పుడు గుర్తుండదు.
పోర్టు ట్రస్టులో హెడ్ గుమాస్తాగా రిటైరయ్యాడు.

ఈ గళ్ల కాగితం వేరే రకం, దీనికి చప్పుడే గుర్తు.

"కొత్తగా మొదలైనదైతే దిద్దడమే మేలని
ఈమధ్య మాలో చాలామంది అంటున్నారు.
ఎన్నాళ్లయింది మీకు?"
ఏం చెప్పను?
ఎడమవైపు తిరిగి పడుకుంటే చెవి కింద
ఎవరో నేర్చుకుంటున్నట్టు ఉండేది.
క్లాసు ఇంకా నడుస్తోందేమో అనుకుని నిద్రపోయాను,
ఎన్ని రాత్రులో.

ముందు మాత్ర, అన్నాను.
మెట్లెక్కితే ఆయాసం తగ్గకపోతే
రెండో దారి, అని రాసుకుంది.
ఒప్పందం కాదిది, గడువు.

రాత్రి తొమ్మిదికి మణికట్టు మీద రెండు వేళ్లు,
గడియారంలో సెకన్ల ముల్లు.
వేలు ఊరికే ఉండలేక
ఆ కుంటి దెబ్బల మధ్య స్పేస్ వెతుక్కుంటుంది.
పాత హాజరు పుస్తకంలో చివరి పేజీలు మిగిలాయి.
పేరు, తేదీ, వేగం, తప్పులు.
నా పేరు రాశాను. తేదీ వేశాను.
వేగం: ఎనభై రెండు.

తప్పుల గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
ఖాళీగా వదిలేశాను.